మల్బరీ ఆకు కషాయం: చైనా వైద్యంలోని ఒక చలవ ఆకును ఎంచుకోవడం, ఎండబెట్టడం, కాచుకోవడం

మా చిన్నాయనకు హిందూపురం దగ్గర ఎకరంన్నర మల్బరీ తోట ఉంది. ఈ ఆకును చైనాలో మందుగా కాచుకుని తాగుతారని చెప్పినప్పుడు ఆయన ఒకటే అడిగాడు: "ఏ ఆకురా? లేతదా, ముదురుదా?"

పట్టుపురుగులు పెంచేవాళ్లకు ఆ తేడా ప్రాణం. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన చాకీ పురుగుకు కొమ్మ కొసన ఉన్న లేతాకును సన్నగా తరిగి వేస్తారు. పెద్ద పురుగుకు ముదురాకును కొమ్మతో సహా పరుస్తారు. పసుపు తిరిగిన ఆకును మాత్రం పక్కన పడేస్తారు. చైనా వైద్యులు మందుకు వెతికేది ఆ పక్కన పడేసే ఆకునే. చలికాలం మొదలై, రాత్రి మంచు ఆకుల మీద ఉప్పు చల్లినట్టు గడ్డకట్టాక కోసిన ఆకు వాళ్లకు అసలైన సరుకు. దాన్ని సాంగ్ యె అంటారు. మంచు తిన్నదని చెప్పాలంటే షువాంగ్ సాంగ్ యె.

కొన్నేళ్లుగా ఈ ఆకును కోసి, ఎండబెట్టి, కాచుకుంటున్నాను. ఆకు మంచిదే అయినా మనిషికి సరిపడనప్పుడు తాగితే పని చేయదు. మనిషికి సరిపడినా ఆకు ఎంపిక తప్పితే అంతే. అందుకే ఇందులో కాచే పద్ధతి కన్నా ముందు ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాను.

ఈ ఆకు చేసే పని

"వేడి చేసింది", "చలవ చేస్తుంది" అనే మాటలు మన ఇళ్లలో రోజూ వినబడతాయి. చైనా వైద్యంలోనూ వేడి, చలవ ఉన్నాయి. అయితే అక్కడ లెక్క ఇంకాస్త పక్కాగా ఉంటుంది. ప్రతి మందుకూ దాని గుణం, రుచి, శరీరంలో ఏ అవయవాల దారి పడుతుందన్నది రాసి ఉంటాయి. మల్బరీ ఆకు రుచి చేదు, తీపి. గుణం చల్లన. దారి ఊపిరితిత్తులు, కాలేయం. ఆ వైద్యంలో కళ్లకు కాలేయంతో సంబంధం ఉందంటారు. అందుకే దగ్గుకు, కళ్ల మంటకు ఒకే ఆకు వాడటం వాళ్లకు వింత కాదు.

చైనా ప్రభుత్వ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాలు రాసిన అధికారిక గ్రంథం, దీనికి చెప్పే ఉపయోగాలు ఇవి: వేడి వల్ల వచ్చిన జలుబు, ఊపిరితిత్తుల్లో వేడి చేరి వచ్చే పొడి దగ్గు, తలనొప్పి, తల తిరగడం, కళ్లు ఎర్రబడటం, చూపు మసకబారడం. మోతాదు రోజుకు 5 నుంచి 10 గ్రాముల ఎండాకు. ఆహారంగానూ మందుగానూ వాడదగినవంటూ చైనా ఆరోగ్య శాఖ 2002లో ఇచ్చిన జాబితాలో మల్బరీ ఆకు, మల్బరీ పండు రెండూ ఉన్నాయి. అంటే తీవ్రమైన మందుల వరసలోది కాదు, రోజువారీ వాడకంలో ఉన్న ఆకే.

ఈ చెట్టులో వాళ్లు వదిలిపెట్టింది ఏమీ లేదు. ఆకు చలవకు, లేత కొమ్మలు కీళ్ల నొప్పులకు, వేరు బెరడు ఆయాసంతో కూడిన దగ్గుకు, పండు రక్తపుష్టికి వాడతారు. నాలుగూ నాలుగు వేర్వేరు మందులు. ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు.

ఆకుకు ఎక్కువ పేరు తెచ్చినవాడు వు జుతోంగ్. ఆయనకు 19 ఏళ్లప్పుడు తండ్రి జబ్బు చేసి చనిపోయాడు. ఆ దుఃఖంతోనే వైద్యం చదవడం మొదలుపెట్టి, వేడి జ్వరాల మీద 1798లో పుస్తకం పూర్తి చేశాడు. అందులో సాంగ్ జు యిన్ అనే కషాయం ఉంది. సాంగ్ అంటే మల్బరీ, జు అంటే చామంతి. ఎవరికి ఇవ్వాలో కూడా ముక్కుసూటిగా రాశాడు: ఉన్నది దగ్గు ఒక్కటే, ఒళ్లు మరీ కాలడం లేదు, దాహం కొద్దిగా ఉంది. అలాంటివాళ్లకు. చలవ కషాయాలను ఆయన మూడు మెట్లుగా పెట్టాడు: తేలిక, మధ్యస్థం, బరువు. సాంగ్ జు యిన్‌ది తేలిక మెట్టు. ఛాతీలో, ఆ పైన ఉన్న జబ్బుకు మందు ఈకలా తేలిగ్గా ఉండాలని, బరువైతే జబ్బును దాటి కిందికి పోతుందని ఆయన నమ్మకం. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఈ ఆకు నుంచి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో అర్థమవుతుంది. 103 జ్వరాన్ని దించే మందు కాదిది.

మొదటి మెట్టు: ముందు మనిషిని చూడండి

ఇక్కడ తొందరపడొద్దు. పొద్దున పళ్లు తోమకముందే అద్దంలో నాలుక చూసుకోండి. తర్వాత ముక్కు, గొంతు, దాహం సంగతి గమనించండి.

గొంతు మండుతోంది, మింగితే నొప్పి. ముక్కులోంచి పచ్చగా, చిక్కగా వస్తోంది. దగ్గు పొడిగా ఉంది, లేదా కొంచెమే కళ్లె, అదీ జిగటగా, పచ్చగా. చల్లని నీళ్లు తాగాలనిపిస్తోంది. నాలుక కొస ఎర్రగా, పైన పూత పల్చగా, కాస్త పసుపుగా ఉంది. ఇవి వేడి గుర్తులు. ఈ ఆకు పని చేసే చోటు ఇదే.

దుప్పటి కప్పుకున్నా వణుకు ఆగడం లేదు. ముక్కు నీళ్లలా కారుతోంది. దాహం లేదు, వేడివేడిగా ఏదన్నా తాగాలనిపిస్తోంది. నాలుక మీద పూత తెల్లగా ఉంది. ఇది చలి జలుబు. దీనికి మల్బరీ ఆకు వద్దు. మన ఇళ్లలో చేసే శొంఠి కషాయం, మిరియాల పాలు ఇక్కడే పనికొస్తాయి. మిరియాల పాలు తాగితే గొంతు మంట ఇంకా పెరిగిందని చాలామంది అంటుంటారు. పాలది కాదు ఆ తప్పు, అది వేడి జలుబు.

ఇంకొకటి కడుపు. కాస్త చల్లనిది తింటే విరేచనాలయ్యేవాళ్లు, ఎప్పుడూ చేతులూ కాళ్లూ చల్లగా ఉండేవాళ్లు ఈ ఆకుకు దూరంగా ఉండటం మంచిది. అంత మాత్రానికే చలవ ఎక్కువైపోతుంది.

కొన్నింటికి ఏ ఆకుతోనూ పని లేదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మూడు రోజులు దాటిన జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లెలో రక్తం, చూపు తగ్గడంతో పాటు కంటి నొప్పి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. కషాయం తాగుతూ ఆ రెండు వారాలను నాలుగు చేసుకోవద్దు.

రెండో మెట్టు: ఆకు ఎక్కడిది

రెండు దారులున్నాయి, కొనుక్కోవడం లేదా కోసుకోవడం.

సింగపూర్, మలేషియాల్లోనో అమెరికాలో చైనాటౌన్ ఉన్న నగరాల్లోనో ఉండే తెలుగువాళ్లకు చైనా మందుల షాపులో ఇది సులువుగా దొరుకుతుంది. సాంగ్ యె అని అడిగితే చాలు. మంచి సరుకు పసుపు కలిసిన ఆకుపచ్చగా గానీ లేత గోధుమ రంగులో గానీ ఉంటుంది. చాలా ఆకులు చుట్టుకుపోయి, విరిగి ఉంటాయి, అది లోపం కాదు. వేళ్ల మధ్య నలిపితే పెళుసుగా పొడవ్వాలి. నోట్లో వేసుకుంటే కొంచెం చేదు, కొంచెం వగరు. నల్లమచ్చలున్నా, ముక్కిన వాసన వస్తున్నా, పట్టుకుంటే మెత్తగా వంగుతున్నా కొనొద్దు. ముదురు పచ్చరంగులో మెరిసిపోయే ఆకు చూడటానికి బాగుంటుంది గానీ అది ముందే కోసిన లేతాకు, టీకి పనికొస్తుంది.

మంచు పడేదాకా ఆగాలన్న పట్టుదల ఎందుకు? శరదృతువు చివర్లో, అక్టోబర్ 23 ప్రాంతంలో, చైనా పంచాంగంలో మంచు దిగే రోజు వస్తుంది. తొలి మంచు గడ్డకట్టాకే కోయాలని ఫార్మకోపియా కూడా చెబుతుంది. చలిని తిన్న ఆకులో చలవ ఎక్కువని పాతకాలం వైద్యుల మాట. ఆకును కొలవడానికి ఫార్మకోపియా చూసే పదార్థం రూటిన్. ఎండాకులో అది కనీసం 0.10 శాతం ఉండాలి.

మన దగ్గర మంచు ఎక్కడ గడ్డకడుతుంది? లంబసింగి వైపు ఏదో ఒక రాత్రి కట్టొచ్చు. అనంతపురం, చిత్తూరు మల్బరీ తోటల్లో ఆ మాటే లేదు. నీళ్లు పెట్టి, ఎరువు వేసి, ఏడాదికి ఐదారు కోతలు తీసే తోటలు అవి. ఇంకో తేడా కూడా ఉంది. చైనా ఫార్మకోపియా గుర్తించేది మోరస్ ఆల్బా అనే జాతిని. మన రైతుల దగ్గరున్న చాలా రకాలు మోరస్ ఇండికాకు చెందినవి. రెండూ దగ్గరి బంధువులే, కానీ ఒకటే అనలేం. కాబట్టి నా అభిప్రాయం ఇది: చైనా వైద్యుడు రాసిచ్చిన కషాయమైతే అక్కడి ఎండాకే కొనండి. ఇంట్లో తేలిగ్గా తాగే చలవ కషాయానికైతే మన తోటలోని ముదురాకు చాలు. డిసెంబర్, జనవరిలో, కొమ్మ కింది భాగంలో పసుపు తిరగడం మొదలైన ఆకును తీసుకోండి.

కోసేముందు ఆకును గుర్తుపట్టండి. అంచు రంపపు పళ్లలా ఉంటుంది, మొదట్లోంచి మూడు ఈనెలు స్పష్టంగా బయలుదేరతాయి. ఒకే చెట్టు మీద కొన్ని ఆకులు నిండుగా, కొన్ని చీలికలతో ఉండొచ్చు, కంగారుపడొద్దు. కాడ తుంచితే చుక్క తెల్లటి పాలు వస్తాయి. ఆ పాల గురించి తర్వాత చెబుతాను.

ఇక పురుగుమందుల సంగతి. మల్బరీకి మందు కొడితే పట్టుపురుగు చస్తుంది, అందుకని రైతు జాగ్రత్తగా ఉంటాడు. మిగతా పంటలతో పోలిస్తే ఇది కాస్త శుభ్రమైన ఆకే. అంతమాత్రాన మందే కొట్టరని కాదు. టుక్రా తెగులు వచ్చినప్పుడు, ఆకుచుట్టు పురుగు పడ్డప్పుడు కొడతారు. కొట్టాక కొన్నాళ్లు ఆగి ఆకు వేస్తారు. పక్క పొలంలో టమాటాకు కొట్టింది గాలికి ఇటు వచ్చి పడటం మాత్రం రైతు చేతిలో లేదు. అందుకే తోట యజమానిని సూటిగా అడగండి: చివరిసారి ఎప్పుడు కొట్టారు, ఇప్పుడు ఈ ఆకును పురుక్కు వేస్తున్నారా? "పొద్దున్నే వేశాం" అని జవాబొస్తే అంతకన్నా మంచి హామీ ఉండదు. కొస ఆకులు ముడుచుకుపోయి ముద్దగా ఉంటే అది టుక్రా, ఆ చెట్టును వదిలేయండి. ఆకు అడుగున తెల్లటి పిండిలా ఉన్నా వదిలేయండి. రోడ్డు పక్క చెట్లు కూడా వద్దు.

మూడో మెట్టు: ఎండబెట్టడం

పొద్దున మంచు ఆరాక కోయండి. గోనెసంచిలో కుక్కితే లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది. బుట్టలో వదులుగా వేసుకురండి. రెండు మూడు నీళ్లలో కడిగి, పలచని గుడ్డ మీద ఆరబెట్టండి.

మందుకైతే పద్ధతి చాలా సులువు. ఎండలోనే ఎండబెట్టాలి. మూలికలన్నీ నీడలోనే ఆరాలని మనకు అలవాటైన మాట, కానీ ఈ ఆకుకు ఫార్మకోపియా చెప్పేది ఎండే. ఒక్క వరసగా పరిచి, మధ్యాహ్నం ఒకసారి తిప్పండి. రెండు మూడు రోజుల్లో కాడ ఫట్‌మని విరుగుతుంది. అప్పుడు అరచేతుల మధ్య నలిపి, కాడలు ఏరేసి, దుమ్ము జల్లెడ పట్టాలి. అంతే. తాజా ఆకులో నాలుగింట మూడు వంతులు నీరే, కాబట్టి కిలో ఆకుకు పావుకిలో దగ్గరగా వస్తుంది.

కాడ విరగడం అన్న పరీక్షను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నేను మొదటిసారి ఆకు కరకరలాడుతోందని చూసి డబ్బాలో పెట్టేశాను. కాడలో తడి ఉంది. మూడు వారాలకు మూత తీస్తే అడుగున బూడిదరంగు బూజు, తడిసిన అట్టపెట్టె వాసన. మొత్తం పారబోశాను. బూజు ఉన్నంత మేరకు తీసేసి మిగతాది వాడదామని ఎవరైనా అంటే వినొద్దు. బూజు విషం కంటికి కనబడదు, మరిగించినా పోదు.

భోజనంతో తాగే మల్బరీ టీకి దారి వేరు. దీనికి లేతాకు, అంటే కొమ్మ కొస నుంచి ఆరేడు ఆకుల లోపలిది. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగించి, ఆవిరి బాగా వచ్చాక ఆకుల్ని పెట్టి ఒక్క నిమిషం. తీయగానే పళ్లెంలో పరిచి విసరండి. ఆవిరి ఆకును నల్లబడనివ్వదు, పచ్చి వాసన పోతుంది. వేలెడు వెడల్పున పీలికలుగా కోసి, గుప్పిట్లో పట్టి కాసేపు నలపండి. చేతికి జిగురుగా తగులుతుంది, కోసిన గడ్డి వాసన వస్తుంది. తర్వాత మూకుడులో సన్న సెగ మీద, చెయ్యి పెట్టి కలుపుతూ, తడి పోయేదాకా వేయించి, చివర్న నీడలో ఆరనివ్వండి. చెయ్యి కాలిందంటే సెగ ఎక్కువైనట్టు. జపాన్‌లో ఇలాంటి మల్బరీ టీకి పాత చరిత్ర ఉంది. ఎయిసాయ్ అనే బౌద్ధ భిక్షువు 1211లో తేనీటి మీద రాసిన గ్రంథంలో రెండో భాగం చాలావరకు మల్బరీ గురించే.

నాలుగో మెట్టు: కాచడం

మట్టి కుండ గానీ స్టీలు గిన్నె గానీ వాడండి. ఇనుప, అల్యూమినియం గిన్నెలు వద్దు, ఆకులోని వగరు పదార్థాలు లోహంతో కలిసి రంగు, రుచి మారతాయి.

ఒక మనిషికి ఒక రోజుకు 6 గ్రాముల ఎండాకు తీసుకోండి. చిన్న డిజిటల్ తూకం కొనుక్కోవడం మంచిది. నలిపిన ఆకు తేలిక, చెంచా లెక్క ఎప్పుడూ తప్పుతుంది. రెండు గ్లాసుల నీళ్లలో అరగంట నానబెట్టండి. పెద్ద మంట మీద పొంగు రానిచ్చి, మంట తగ్గించి పది, పదిహేను నిమిషాలు. అంతకుమించి మరిగించొద్దు. వేర్లను, బెరళ్లను గంటసేపు కాచినట్టు ఆకుల్ని కాస్తే ఈ కషాయానికి ఉండాల్సిన తేలికదనం పోతుంది. గ్లాసు కషాయం మిగిలాక వడకట్టి పొద్దున సగం, సాయంత్రం సగం గోరువెచ్చగా తాగండి. వు జుతోంగ్ చెప్పిన లెక్క కూడా ఇలాంటిదే: రెండు కప్పుల నీళ్లు ఒక కప్పు అయ్యేదాకా కాచి, రోజుకు రెండుసార్లు. రంగు లేత పసుపుపచ్చగా, ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగొద్దు. ఆకు చలవే గానీ, గొంతుకు కావలసింది గోరువెచ్చదనం.

గొంతు మంటతో పాటు కళ్లు ఎర్రగా ఉండి, తల బరువుగా ఉంటే 3 గ్రాముల ఎండు చామంతి పూలు కలపండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: పూల మార్కెట్లో మూర లెక్కన దొరికే చామంతి వేయకండి. అవి దండకు పెంచిన పూలు, వాటి మీద ఎన్నిసార్లు మందు పడుతుందో పెంచినవాళ్లకే తెలుసు. టీ కోసమే అమ్మే ఎండు చామంతి ఆన్‌లైన్‌లోనూ పెద్ద సూపర్‌మార్కెట్లలోనూ దొరుకుతుంది, అది తెచ్చుకోండి. పుదీనా వేయాలనుకుంటే ఐదారు ఆకులు, అదీ దించే ముందు రెండు నిమిషాలు. ముందే వేస్తే వాసనంతా ఆవిరైపోతుంది. చైనా వాళ్లు వాడే బో హె మన వంటింటి పుదీనా కన్నా ఘాటైన వేరే రకం, అయినా ఇంటి కషాయానికి మనది సరిపోతుంది.

అసలు సాంగ్ జు యిన్‌లో ఎనిమిది దినుసులున్నాయి. ఇప్పటి పాఠ్యపుస్తకాల లెక్కలో మల్బరీ ఆకు 7.5 గ్రాములు, చామంతి 3, పుదీనా 2.5, ఇంకా అతిమధురం, రెల్లు జాతి గడ్డి దుంప లాంటివి. అందులో ఒకటి చేదు ఆప్రికాట్ గింజల పప్పు. దాన్ని ఇంట్లో ప్రయత్నించకండి. ఆ పప్పు నుంచి శరీరంలో సైనైడ్ విడుదలవుతుంది. మోతాదు, శుద్ధి తెలిసిన వైద్యుడి చేతిలోనే అది మందు. మొత్తం కషాయమే కావాలనుకునేవాళ్లు చదువుకున్న చైనా వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

మూడు రోజులు చూడండి. వేడి జలుబైతే రెండో రోజుకే గొంతు తేడా తెలుస్తుంది. మూడు రోజులకూ తేడా లేకపోతే మీ అంచనా తప్పైనా అయి ఉండాలి, జబ్బు ఈ ఆకును మించిందైనా అయి ఉండాలి. తగ్గితే వెంటనే ఆపేయండి. పని అయిపోయాక కూడా చలవ తాగుతూ పోతే కడుపు మందగిస్తుంది.

ఈ కషాయంతో కళ్లు కడుక్కోవడం పాత వాడుకలో ఉంది. నేను మాత్రం వద్దంటాను. ఇంట్లో వడకట్టిన నీళ్లలో సూక్ష్మక్రిములు లేవని ఎవరూ చెప్పలేరు. తాగండి, కంట్లో వేయకండి.

పొడి దగ్గుకు తేనె పట్టించిన ఆకు

గాలి పొడిగా ఉన్న రోజుల్లో, ఏసీ గదిలో పడుకున్నాక, గొంతులో గరగర, కళ్లె లేని దగ్గు వస్తుంది. చైనాలో దీనికి తేనె పట్టించిన ఆకు వాడతారు. ఆకు బరువులో ఐదో వంతు తేనె తీసుకోండి, 100 గ్రాముల ఆకుకు 20 గ్రాములు. తేనెలో రెండు చెంచాల వేడినీళ్లు కలిపి పల్చన చేసి, ఆకు మీద చిలకరిస్తూ చేత్తో కలపండి. తేనె ఇంకేదాకా మూతపెట్టి ఉంచి, మూకుడులో అతి సన్న సెగ మీద వేయించండి. పిడికిట్లో పట్టి వదిలితే చేతికి అంటుకోకూడదు, అప్పుడు అయినట్టు. రంగు ముదురు పసుపుకు తిరిగి, కాస్త మెరుస్తుంది. ఇది ఎక్కువ కాలం నిలవదు, రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి. కాచే పద్ధతి, మోతాదు పైన చెప్పినవే. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. అసలు అంత చిన్న పిల్లలకు ఈ ఆకే వద్దు.

పొడిగానూ వాడతారు. 12వ శతాబ్దంలో హాంగ్ మై అనే రచయిత రాసిపెట్టిన ఒక సంగతి చైనా వైద్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొండ మీది మఠానికి వచ్చిన ఒక సన్యాసికి ఇరవై ఏళ్లుగా రాత్రిపూట ఒళ్లంతా చెమట పట్టి, తెల్లారేసరికి బట్టలు తడిసిపోయేవట. మఠం పెద్ద అతనితో మంచు తడి ఆరకముందే మల్బరీ ఆకు కోయించి, సన్న సెగన ఆరబెట్టి పొడి చేయించి, పరగడుపున వెచ్చని గంజిలో కలిపి తాగించాడు. మూడు రోజుల్లో నయమైందంటారు. మూడు రోజుల మాట నేను పట్టించుకోను గానీ, చల్లని గుణమున్న పొడిని కడుపుకు పడేలా గంజిలో కలపడం మన పెద్దవాళ్లకు కూడా తెలిసిన తెలివి. ఈ రోజుల్లో రాత్రి చెమటలు పడుతున్నాయంటే ముందు టీబీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి

ఇప్పుడు ఆ తెల్లటి పాల సంగతి. ఆకు పాలలో, ఆకులో గ్లూకోజ్‌ను పోలిన ఒక పదార్థం ఉంది, క్లుప్తంగా డీఎన్‌జే అంటారు. దీన్ని 1976లో జపాన్ పరిశోధకులు మల్బరీ వేరు బెరడు నుంచి వేరుచేశారు. చెట్టుకు అది రక్షణ. ఆముదపాకు తినే ఎరి పట్టుపురుగుకు మల్బరీ ఆకు పెడితే చస్తుంది. మామూలు పట్టుపురుగు మాత్రం దానికి అలవాటు పడిపోయింది, అందుకే ఈ ఆకు దాని సొంతమైంది.

మన పేగుల్లో పిండిపదార్థాన్ని, పంచదారను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైములను డీఎన్‌జే కాసేపు ఆపుతుంది. దాంతో అన్నం తిన్నాక షుగర్ ఒక్కసారిగా ఎగబాకకుండా నెమ్మదిగా పెరుగుతుంది. మిగ్లిటాల్ అనే షుగర్ మాత్ర ఈ డీఎన్‌జేను కొంచెం మార్చి తయారుచేసిందే. మల్బరీ కొమ్మల నుంచి తీసిన పదార్థాలతో చేసిన షుగర్ మాత్రకు చైనా 2020లో అనుమతి ఇచ్చింది. అది శుద్ధి చేసి, మోతాదు కొలిచిన మందు. మన గ్లాసులోని టీ దానికి సమానం కాదు.

చిన్నాయన ప్రశ్నకు ఇక్కడ జవాబు మారుతుంది. డీఎన్‌జే లేత కొసాకుల్లో ఎక్కువ. దగ్గు కషాయానికి ముదురాకు, భోజనం టీకి లేతాకు. అన్నానికి ముందు గానీ అన్నంతో పాటు గానీ తాగితేనే దీనికి అర్థం ఉంది. రెండు గంటల తర్వాత తాగితే చేయగలిగిందేమీ లేదు. 2 గ్రాముల టీ ఆకు, గ్లాసు మరిగిన నీళ్లు, ఐదు నిమిషాలు.

జాగ్రత్తలు మాత్రం గట్టివి. మీరు గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, షుగర్ పడిపోవచ్చు. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు అసలే వద్దు. ఆ మాత్రలూ ఈ ఆకూ చేసే పని ఒకటే, కడుపుబ్బరం, గ్యాస్ విపరీతంగా వస్తాయి. షుగర్ పడిపోయి వణుకు, చెమటలు వస్తే పంచదార, బెల్లం తినిపిస్తే ఈ ఆకు తాగినవాళ్లలో అవి విడిపోవడం ఆలస్యమవుతుంది. మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడినే నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ చెప్పి, ఆ పొడి ప్యాకెట్ ఎక్కడుందో చూపించండి. ఏ కారణంతోనూ రోజూ వేసుకునే మాత్ర మానేసి టీ మీద ఆధారపడొద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకపోవడమే మేలు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి, ఆపినట్టు డాక్టరుకు చెప్పండి. మల్బరీ పూల పుప్పొడికో, రబ్బరు పాలకో ఎలర్జీ ఉన్నవాళ్లు మొదట ఒక్క గుటక తాగి రోజంతా చూడండి, దద్దుర్లు వస్తే అక్కడితో ఆపేయాలి.

నిల్వ

గాజు సీసా, బిగుతైన మూత, చీకటి అలమర. సీసా మీద చీటీ అతికించండి: కోసిన తేదీ, ఎవరి తోట, లేతదా ముదురుదా, చివరిసారి మందు కొట్టి ఎన్నాళ్లయింది. ముదురాకు, లేతాకు ఒకే సీసాలో కలపొద్దు. వానాకాలంలో నెలకోసారి తీసి ఒక పూట ఎండలో పెట్టండి. ఏడాది దాటినది రంగు బాగున్నా మల్బరీ చెట్టు మొదట్లోనే ఎరువుగా వేసేయండి. జనవరి వచ్చేసరికి కొత్త ఆకు పసుపు తిరిగి ఉంటుంది.